ఆటిజం గురించి తెలిసినవాళ్ల దగ్గర జంట కౌన్సెలింగ్: రెండేళ్లు దాటాక నా అభిప్రాయం

మా ఆయనకు ఆటిజం ఉందని పెళ్లయిన చాలా ఏళ్లకు తేలింది. అప్పటి నుంచి ఇద్దరం కలిసి, న్యూరోడైవర్జెంట్ మనుషులతో (ఆటిజం లాంటివి ఉండి, మెదడు వేరే తీరులో పనిచేసేవాళ్లతో) పనిచేసే ఒక క్లినికల్ సైకాలజిస్ట్ దగ్గరికి వెళ్తున్నాం. మాకు బాగా పనికొచ్చింది.

అంతకుముందు వెళ్లిన మ్యారేజ్ కౌన్సెలింగ్‌లో ఆయన్ని కళ్లలోకి చూసి మాట్లాడమనేవారు. బలవంతాన అదీ చేసి, ఇంటికొచ్చాక తలుపేసుకుని పడుకునేవారు. ఇక్కడ ఆయన్ని ‘మామూలు’గా మార్చే పని ఎవరూ పెట్టుకోలేదు. తనకూ ఆటిజం ఉన్న పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లోనే రాశారు, ఆటిజం ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ మధ్య అర్థం కాకపోవడం రెండు వైపులా ఉంటుందని. మా సెషన్లు అదే దారిలో నడిచాయి. అందుకే హోంవర్క్ నాకూ ఉండేది.

ఉదాహరణకి, "ఇల్లు ఎలా ఉందో చూడండి" అంటే ఆయనకు అది సాయం అడిగినట్టు వినపడదు. "ఎనిమిదింటికల్లా గిన్నెలు కడిగేయండి" అంటే వెంటనే లేస్తారు.

మిక్సీ, కుక్కర్ విజిల్, టీవీ ఒకేసారి మోగితే ఆయనకు మాట రాదు. ఇంట్లో అందరూ దాన్ని కోపం కింద జమకట్టేవాళ్లు. ఇప్పుడు అలాంటప్పుడు వాట్సాప్‌లో "అరగంట" అని పెడతారు. అరగంటయ్యాక తనే వచ్చి మాట మొదలుపెట్టాలి, అదీ ఒప్పందం. నాకు ఈ రెండో సగమే ప్రాణం. ఎప్పుడు తిరిగొస్తారో తెలియకుండా ఎదురుచూడటం ఎంత టెన్షనో పడ్డవాళ్లకే తెలుసు.

లోపాలూ ఉన్నాయి. ఖర్చు ఎక్కువ, మా ఇన్సూరెన్స్‌లో రాలేదు. తెలుగులో చేసేవాళ్ల కోసం చాలా వెతికాం. ఆటిజం అనగానే ఎక్కువగా పిల్లల స్పీచ్ థెరపీ సెంటర్లే చూపిస్తారు. పైగా నేర్పే పద్ధతులన్నీ ఇద్దరే ఉండే ఇంటికి కుదిరేవి. చెప్పకుండా దిగే చుట్టాలు, "వాడు చిన్నప్పటి నుంచీ అంతేనమ్మా" అని తేల్చేసే అత్తయ్య ఉన్న ఇంటికి దారి మేమే వెతుక్కోవాల్సి వచ్చింది.

వెళ్లాలనుకుంటే ఆ సైకాలజిస్ట్‌కి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (క్లినికల్ సైకాలజిస్టులను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూసుకోండి. ఆటిజం ఉన్న పెద్దవాళ్లతో పనిచేశారా అని ఫోన్‌లోనే అడగండి. కొట్టడం, బెదిరించడం ఉన్న ఇంట్లో మాత్రం దీనితో మొదలుపెట్టొద్దు. ఆటిజం వాటికి సాకు కాదు, ముందు మీ క్షేమం చూసుకోండి.

మేం ఇప్పుడు నెలకోసారి వెళ్తున్నాం. ఆపే ఆలోచన ఇద్దరికీ లేదు.