గుండెపోటుకు గడ్డ కరిగించే ఇంజెక్షనా, నేరుగా యాంజియోప్లాస్టీనా?

ఛాతీనొప్పితో వచ్చిన మనిషి ఈసీజీలో ఎస్‌టీ భాగం (గీతలో ఒక్కో గుండె స్పందన చివర కనిపించే ముక్క) పైకి లేచిందంటే, గుండె రక్తనాళం గడ్డతో పూర్తిగా మూసుకుపోయిందనే అనుకోవాలి.

మణికట్టు దగ్గర నుంచి సన్నటి గొట్టం పంపి, బెలూన్‌తో నాళం తెరిచి స్టెంట్ (నాళాన్ని తెరిచి ఉంచే జాలీ గొట్టం) వేయడమే, అంటే యాంజియోప్లాస్టీయే, మేలైన పద్ధతి. నూటికి తొంభై మందికి పైగా నాళం తెరుచుకుంటుంది. కాకపోతే ఈ పని చేసే ప్రత్యేక గది, క్యాథ్‌ల్యాబ్ కావాలి, అదీ ఈసీజీలో తేలిన 120 నిమిషాల్లోపు. పాడేరు నుంచి ఘాట్ రోడ్డు దిగి విశాఖ చేరేసరికే ఆ గడువు దాటిపోతుంది.

అలాంటిచోట గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షనే దిక్కు. బరువును బట్టి 30 నుంచి 50 మిల్లీగ్రాములు, నరంలోకి ఒక్కసారే. ఈసీజీ చూసిన 10 నిమిషాల్లో పడాలి. 75 ఏళ్లు దాటితే సగం డోసు చాలు. గడ్డ కరిగించే మరో మందు స్ట్రెప్టోకైనేజ్ చవకే గానీ 15 లక్షల యూనిట్లు అరగంట నుంచి గంటసేపు ఎక్కించాలి, మధ్యలో బీపీ పడిపోతుంటుంది. నొప్పి మొదలైన 3 గంటల్లోపయితే మందు బాగా పనిచేస్తుంది. 12 దాటితే ఇవ్వరు. అసలు భయం మెదడులో రక్తస్రావం, దాదాపు నూటికి ఒకరికి. గతంలో అలా జరిగినవాళ్లకు ఇవ్వనే కూడదు.

ఇంజెక్షన్ పడింది కదా అని అక్కడే ఉండిపోవడం తరచూ జరిగే పొరపాటు. 60–90 నిమిషాలకు మళ్లీ ఈసీజీ తీస్తే ఎస్‌టీ ఎత్తు సగానికైనా దిగకపోతే వెంటనే యాంజియోప్లాస్టీ చేయాల్సిందే. దిగినా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ (గుండె నాళాలను చూపే ఎక్స్‌రే పరీక్ష) తప్పదు. అందుకే మందు పడగానే అంబులెన్స్ కదలాలి.