10×50 బైనాక్యులర్: ధ్రువ నక్షత్రం పక్కనున్న రెడ్ జెయింట్ కోసం కొనొచ్చా?

కనిపిస్తుందా అంటే, కనిపిస్తుంది. లాంబ్డా ఉర్సే మైనోరిస్ అనే ఈ రెడ్ జెయింట్ (వయసు మళ్లి బాగా ఉబ్బిన ఎర్రటి నక్షత్రం) ఖగోళ ఉత్తర ధ్రువానికి, అంటే ఆకాశం తిరుగుతున్నట్టు కనిపించే ఉత్తరపు బిందువుకి, సుమారు ఒక్క డిగ్రీ దూరంలోనే ఉంటుంది. ప్రకాశం 6.4 మాగ్నిట్యూడ్ (నక్షత్రాల వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ) అటూఇటూ, అంటే మామూలు కంటికి కొద్దిలో తప్పిపోతుంది, అదే 10×50 (10 రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల ముందు అద్దాలున్నది) పెడితే చంద్రుడు లేని రాత్రి పెద్దగా వెతకక్కర్లేదు. ఈ సైజులో ఆరు డిగ్రీల ఆకాశం ఒకేసారి పడుతుంది కాబట్టి ధ్రువ నక్షత్రాన్ని మధ్యలో పెట్టుకుంటే చాలు, డిగ్రీన్నర దూరంలో ఇదీ అక్కడే ఉంటుంది.

రంగు సంగతి మాత్రం ముందే చెప్పాలి. రెడ్ జెయింట్ అనగానే నిప్పుకణిక లాంటిది ఊహించుకుంటే నిరాశే. సరిగ్గా ఫోకస్ చేస్తే సన్నటి చుక్క, అంతే. ఫోకస్ చక్రాన్ని కొంచెం పక్కకి తిప్పి చూడండి, చుక్క చిన్న బిళ్లలా విచ్చుకుని లేత నారింజ రంగు బయటపడుతుంది, పక్కనే ధ్రువ నక్షత్రం కూడా అలాగే విచ్చుకుంటుంది కానీ పసుపు కలిసిన తెలుపులో. ఆ తేడా చూడ్డానికే నేను మళ్లీ మళ్లీ తిప్పుతుంటా.

ఇది వేరియబుల్ స్టార్ (వెలుగు మారుతుండే నక్షత్రం) కూడా కదా, ఆ తగ్గడం పెరగడం చూద్దామనుకునేవాళ్లు దీన్ని నమ్ముకోవద్దు. మార్పు మాగ్నిట్యూడ్‌లో పదో వంతు స్థాయిలోనే, కంటి అంచనాలో వచ్చే తేడాయే అంత ఉంటుంది, ఎంత ఖరీదైన బైనాక్యులరైనా ఇందులో చేసేదేం లేదు. అలాంటి సరదా ఉంటే మీరా అనే మరో వేరియబుల్ స్టార్ వైపు తిప్పండి, దాదాపు 11 నెలల్లో మామూలు కంటికి కనిపించే స్థాయి నుంచి బైనాక్యులర్‌కి కూడా కష్టమయ్యే స్థాయికి దిగి మళ్లీ పైకొస్తుంది.

ఇక తిట్లు. నాకు మొదట వచ్చిన పీస్‌లో రెండు గొట్టాలూ ఒకే దిక్కు చూడట్లేదు, ప్రతి నక్షత్రం జంటగా కనిపించి తలనొప్పి, మార్పించుకోవాల్సి వచ్చింది. రాగానే ధ్రువ నక్షత్రం మీద పెట్టి చూసుకోండి, ఒకటి రెండుగా కనిపిస్తే వెంటనే వెనక్కి పంపేయండి. చేత్తో పట్టుకుంటే 10 రెట్ల దగ్గర చుక్క గంతులేస్తుంది, ట్రైపాడ్ తప్పదు, దానికి బిగించే అడాప్టర్ మాత్రం పెట్టెలో ఉండదు, విడిగా కొనాలి. కళ్లజోడు ఉన్నవాళ్లు ఐ రిలీఫ్ (దృశ్యం పూర్తిగా కనిపించేలా కంటికీ అద్దానికీ మధ్య ఉండగల దూరం) 15 మిల్లీమీటర్లకి తక్కువ లేనిదే తీసుకోండి.

5కి 4. కోసిన ఆ ఒక్కటీ అడాప్టర్ ఖాతాలోకి.