ఇంటి సర్వర్‌కు ఏది మేలు: రాస్‌బెర్రీ పై, పాత ల్యాప్‌టాప్, మినీ పీసీ?

ఇంట్లో సర్వర్ (రాత్రీ పగలూ ఆన్‌లో ఉండి ఫొటోలు దాచడం లాంటి పనులు చేసే కంప్యూటర్) నడుపుతున్నానని తెలిసినప్పటి నుంచి స్నేహితులు నన్ను అడిగేది ఒకటే: మొదలుపెట్టాలంటే ఏం కొనాలి? రాస్‌బెర్రీ పై అనే అరచేతి సైజు కంప్యూటర్ సరిపోతుందా, మూలన పడున్న ల్యాప్‌టాప్ పనికొస్తుందా, సెకండ్ హ్యాండ్ మినీ పీసీ వెతుక్కోవాలా? ఈ మూడు రకాల పెట్టెల మీదా నేను నెలల తరబడి సర్వర్ నడిపాను, సరిగ్గా ఇదే వరుసలో. పోయిన నెలే పూర్తిగా మినీ పీసీకి మారాను. ఇక ఎవరడిగినా ఇదే చూపించవచ్చని రాస్తున్నాను. డాకర్ అంటే ఏమిటో, ఎస్‌ఎస్‌హెచ్‌తో ఎలా లాగిన్ కావాలో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

ముందుగా ప్రాసెసర్ వేగం సంగతి. కొనేముందు అందరూ దీని గురించే ఎక్కువ చదువుతారు, కానీ తర్వాత పెద్దగా అవసరం పడేది కాదు. ఇంటి సర్వర్ రోజులో చాలా భాగం ఖాళీగానే ఉంటుంది. పై-హోల్ (ప్రకటనలను ఆపేది), వాల్ట్‌వార్డెన్ (పాస్‌వర్డ్‌లు దాచేది), హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలను నడిపేది), ఇంకో నాలుగు డాకర్ కంటెయినర్లు కలిపి నడిపినా పదేళ్ల నాటి ప్రాసెసర్‌కు పెద్ద బరువేమీ కాదు. వీడియో ట్రాన్స్‌కోడింగ్, అంటే వీడియోను అప్పటికప్పుడు వేరే ఫార్మాట్‌లోకి మార్చడం, ఒక్కటే మినహాయింపు. ఇంట్లోని వీడియోలను టీవీకి, ఫోన్‌కు పంపే జెల్లీఫిన్ పెట్టే ఆలోచన ఉంటే, ఆ మార్పిడి కోసమే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే క్విక్ సింక్ అనే భాగం చాలా మేలు చేస్తుంది. 10 బిట్ హెచ్‌ఈవీసీ (4కే సినిమాల్లో ఎక్కువగా కనిపించే ఫార్మాట్) వీడియోను అది పూర్తిగా హార్డ్‌వేర్‌లోనే చేయాలంటే మాత్రం 7వ తరం లేదా ఆ తర్వాతిది కావాలి. 6వ తరం తీసుకుని తర్వాత బాధపడకండి.

రెండోది కరెంటు. లెక్క తేలికే. ఒక వాట్ ఏడాది పొడవునా ఆగకుండా కాలితే 8.76 యూనిట్లు. రాస్‌బెర్రీ పై 5 ఖాళీగా ఉన్నప్పుడు 3, 4 వాట్లు తీసుకుంటుంది. 8వ తరం ఇంటెల్ ఉన్న చిన్న ఆఫీసు పీసీ 10 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది, స్క్రీన్ ఆపేసిన ల్యాప్‌టాప్ కూడా దాదాపు అంతే. అంటే రాస్‌బెర్రీ పైకి, మినీ పీసీకి తేడా ఏడాదికి 50 యూనిట్ల పైచిలుకు. ఈ మూడింటిలో ఒకటి ఎంచుకోవడానికి ఇది కారణం కాదు. ఆఫీసుల్లో బీరువా లాంటి ర్యాక్‌లో బిగించే ర్యాక్ సర్వర్‌ను పక్కన పెట్టడానికి మాత్రం ఇదొక్కటే చాలు. రెండు ప్రాసెసర్ల పాత ర్యాక్ సర్వర్ ఏ పనీ చేయకుండానే 100 వాట్లు దాటుతుంది, 120 అనుకుంటే ఏడాదికి 1050 యూనిట్లు. అందులోని చిన్న ఫ్యాన్ల రొద పక్క గదిలోకీ వినిపిస్తుంది. ఉద్యోగం కోసం ఐలో, ఐడ్రాక్ లాంటివి (సర్వర్‌ను దూరం నుంచి అదుపు చేసే సాధనాలు) నేర్చుకోవాలనుకునేవాళ్లకు తప్ప ఇంకెవరికీ నేను దాన్ని చెప్పను.

మరి దేన్ని చూసి తేల్చుకోవాలి? నా దృష్టిలో ఒక్కటే: డేటా ఉండే డిస్కు పెట్టె లోపల ఉందా, బయట యూఎస్‌బీ తీగకు వేలాడుతోందా?

ఇది నాకు ల్యాప్‌టాప్ నడిపిన రోజుల్లో తెలిసొచ్చింది. బ్యాటరీ ఉంది కాబట్టి యూపీఎస్ అక్కర్లేదని అప్పట్లో చాలా సంతోషపడ్డాను. దానికి ఒక 3.5 అంగుళాల యూఎస్‌బీ డిస్కు తగిలించాను. అంత పెద్ద డిస్కుకు 12 వోల్టుల సొంత అడాప్టర్ ఉంటుంది, అది గోడ ప్లగ్గుకే వెళుతుంది. ఒక సాయంత్రం కరెంటు పోయింది. బ్యాటరీ మీద ల్యాప్‌టాప్ నిశ్చింతగా నడుస్తూనే ఉంది, డిస్కు మాత్రం ఆగిపోయింది. డిస్కు కనబడకపోయేసరికి లినక్స్‌లో సర్వీసులను చూసుకునే సిస్టమ్‌డీ దాన్ని అన్‌మౌంట్ చేసింది, అంటే ఫోల్డర్ నుంచి విడదీసింది. కరెంటు వచ్చాక డిస్కు తిరిగింది కానీ, మళ్లీ మౌంట్ కాలేదు. ఆ సంగతి నాకు తెలియదు.

అర్ధరాత్రి ఆర్‌సింక్ (ఫైళ్లను కాపీ చేసే ప్రోగ్రాము) బ్యాకప్ మొదలైంది. డిస్కు మౌంట్ కావలసిన ఫోల్డర్ ఖాళీగా ఉన్నా, ఉండటం మాత్రం ఉంది కదా. ఆర్‌సింక్‌కు అంతకంటే తెలియదు. మొత్తం ఫొటోలను ల్యాప్‌టాప్ లోపలి చిన్న ఎస్‌ఎస్‌డీ మీదికి కాపీ చేయడం మొదలుపెట్టింది. తెల్లారేసరికి రూట్ పార్టిషన్ (సిస్టమ్ ఉండే భాగం) నిండిపోయింది, డేటాబేస్ రాయడానికి చోటు లేక ఆగిపోయింది, దాంతో మిగతా సర్వీసులన్నీ ఒక్కొక్కటిగా పడిపోయాయి. ఫొటోలు పోలేదు, కానీ ఆ రోజంతా పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. డిస్కు బయట ఉన్నంతకాలం దానికొక సొంత కరెంటు దారి, సొంత తీగ, మధ్యలో ఒక యూఎస్‌బీ చిప్ ఉంటాయి. వాటిలో ఏది తడబడినా సర్వర్ బతికే ఉండి డేటా మాయమవుతుంది. సర్వర్ మొత్తం ఆగిపోవడం కంటే అలా సగం నడుస్తూ ఉండటమే ప్రమాదం.

యూఎస్‌బీ డిస్కు తప్పదంటే కనీసం రెండు పనులు చేయండి. ఏ డిస్కు ఏ ఫోల్డర్‌లో మౌంట్ కావాలో రాసే ఎఫ్‌స్టాబ్ ఫైల్లో డిస్కును మారిపోగల ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లతో కాకుండా, దాని మారని గుర్తింపు సంఖ్య యూయూఐడీతో రాయండి. బ్యాకప్ స్క్రిప్టు మొదట్లో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో డిస్కు నిజంగా ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడే ఆగిపోయేలా పెట్టండి. ఆ ఒక్క లైను నా స్క్రిప్టులో ఉండుంటే ఆ రోజు ఏమీ అయ్యేది కాదు.

ఈ కొలతతో మూడింటినీ మళ్లీ చూద్దాం.

రాస్‌బెర్రీ పై అంటే నాకు చాలా ఇష్టం. లినక్స్ భయం పోగొట్టింది అదే. కరెంటు వస్తే దానంతటదే లేస్తుంది, శబ్దం ఉండదు, పుస్తకాల మధ్య ఇమిడిపోతుంది. కానీ మామూలుగా అది నడిచేది ఎస్‌డీ కార్డు మీద. లాగ్‌లు, డేటాబేస్‌లు రాత్రీ పగలూ రాస్తూ ఉండటం ఆ కార్డులు తట్టుకునే పని కాదు. కార్డు వద్దని యూఎస్‌బీ డిస్కు పెడదామంటే కరెంటు దగ్గర ఇంకో చిక్కు. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకూ కలిపి 1.2 ఆంపియర్లే. పై 5కి 5 ఆంపియర్ల అడాప్టర్ ఉంటే 1.6 ఇస్తుంది, 3 ఆంపియర్లదైతే 0.6 దగ్గరే ఆపేస్తుంది. తిరిగే డిస్కు మొదలయ్యే క్షణంలో అడిగే కరెంటుకు ఇది చాలకపోవచ్చు. 2023లో వచ్చిన పై 5కి పీసీఐఈ దారి (వేగమైన కనెక్షన్) ఉంది కాబట్టి బోర్డు మీద హ్యాట్ అనే అదనపు బోర్డు బిగించి ఎన్‌వీఎంఈ (వేగమైన చిన్న ఎస్‌ఎస్‌డీ) పెట్టుకోవచ్చు, అలా చేస్తే నా అభ్యంతరం చాలావరకు పోతుంది. అయితే బోర్డు, హ్యాట్, కూలర్, కేసు, అడాప్టర్ అన్నీ విడివిడిగా కొన్నాక చేతిలో ఉన్నది దాదాపు ఒక మినీ పీసీయే, ర్యామ్ పెంచుకునే వీలు మాత్రం ఉండదు.

ల్యాప్‌టాప్ ఇంట్లో ఉందా? అయితే ఏమీ కొనకండి, ఈ రాత్రే డెబియన్ లినక్స్ వేసి మొదలుపెట్టండి. నేర్చుకోవడానికి అంతకంటే మంచి దారి లేదు. మూత మూసినా నిద్రపోకుండా లాగిన్‌డీ (సిస్టమ్‌డీలో ఒక భాగం) సెట్టింగుల్లో హ్యాండిల్ లిడ్ స్విచ్ అన్నదాన్ని ఇగ్నోర్‌కు మార్చండి. ఎప్పుడూ చార్జింగ్‌లో ఉండే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. చార్జింగ్ పరిమితి పెట్టే వీలుంటే 60 నుంచి 80 శాతం మధ్య ఆపండి, నెలకోసారి కింది మూతను చేత్తో తడిమి చూడండి. ఉబ్బినట్టు అనిపిస్తే ఇక వాడొద్దు. డేటా లోపలి డిస్కులో పట్టినంతకాలం ల్యాప్‌టాప్ బ్రహ్మాండమైన సర్వర్. పట్టనప్పుడు నా కథ మొదలవుతుంది.

ఇక మినీ పీసీ. థింక్‌సెంటర్ టైనీ, ఆప్టిప్లెక్స్ మైక్రో, ఎలైట్‌డెస్క్ మినీ లాంటి ఒక లీటరు పరిమాణపు పెట్టెలు ఆఫీసుల్లో కొన్నేళ్లు పనిచేసి సెకండ్ హ్యాండ్‌లోకి వస్తాయి. నాది ఐ5-8500టీ, 2018 నాటిది, ఆరు కోర్లు, 35 వాట్ల టీడీపీ (బరువు పని చేసేటప్పుడు ప్రాసెసర్ వెలువరించే వేడికి కొలత). లోపల ఎన్‌వీఎంఈకి ఒక ఎం.2 స్లాట్, మామూలు సాటా డిస్కుకు ఒక 2.5 అంగుళాల చోటు ఉన్నాయి. సిస్టమ్ ఎన్‌వీఎంఈ మీద, డేటా సాటా ఎస్‌ఎస్‌డీ మీద, రెండింటికీ ఒకటే అడాప్టర్. కరెంటు పోతే అన్నీ కలిసే ఆగుతాయి, వస్తే అన్నీ కలిసే లేస్తాయి. దానికి బయాస్‌లో (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో) కరెంటు తిరిగొచ్చాక ఆన్ కావాలనే ఆప్షన్ ఒకటి ఉంటుంది, అది పెట్టడం మరచిపోవద్దు.

నేర్చుకునేవాళ్లకు ఇంకో లాభం ప్రాక్స్‌మాక్స్, ఒకే పెట్టెలో పలు వర్చువల్ కంప్యూటర్లను నడిపే సిస్టమ్. అది ఎక్స్86-64 (ఇంటెల్, ఏఎండీ రకం) ప్రాసెసర్ల కోసం తయారైనది. ఏదైనా కొత్తది ప్రయత్నించేముందు స్నాప్‌షాట్ (అప్పటి స్థితి నకలు) తీసుకోవడం, పాడైతే నిమిషంలో వెనక్కి వెళ్లడం అలవాటయ్యాక నేను ప్రయోగాలు చేసే ధైర్యమే మారిపోయింది. ల్యాప్‌టాప్ మీదా ఇది నడుస్తుంది, కానీ ర్యామ్ 16 జీబీ అయినా లేకపోతే ఇరుకుగా ఉంటుంది. ఈ పెట్టెల్లో చాలావాటికి రెండు ర్యామ్ స్లాట్లు ఉంటాయి.

కొనేటప్పుడు బయాస్‌కు పాస్‌వర్డ్ లేదని, సొంత అడాప్టర్ వస్తుందని చూసుకోండి. అడాప్టర్‌ను గుర్తుపట్టకపోతే కొన్ని పెట్టెలు ప్రాసెసర్ వేగాన్ని బాగా తగ్గించేస్తాయి. ఇంటికి తెచ్చాక ఒక రాత్రంతా ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ నడపండి, డిస్కు తన ఆరోగ్యం గురించి ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో ఎన్ని గంటలు తిరిగిందో చూడండి.

కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 పెట్టెలు ఉన్నాయి. కరెంటు తక్కువ, క్విక్ సింక్ మంచిది, అధికారికంగా ర్యామ్ 16 జీబీ వరకే. రెడీమేడ్ నాస్ (ఫైళ్లు దాచడానికే చేసిన నెట్‌వర్క్ డిస్కు పెట్టె) కూడా మంచిదే, కానీ అందులో నేర్చుకునేది తక్కువ.

మినీ పీసీలో ఒక నిజమైన లోటు ఉంది. 3.5 అంగుళాల డిస్కు లోపల పట్టదు. మీ దగ్గర పది, ఇరవై టెరాబైట్ల వీడియోలుంటే నా సలహా వేరు: నాలుగు డిస్కులు పట్టే పాత డెస్క్‌టాప్ టవర్ తీసుకోండి. ఖాళీగా 40 వాట్లు అనుకున్నా ఏడాదికి 350 యూనిట్లు. ఆ ఖర్చు నాకు సమంజసంగానే అనిపిస్తుంది, ఎందుకంటే డిస్కులన్నీ లోపలే ఉంటాయి.

పాత రాస్‌బెర్రీ పైను మాత్రం నేను తీసేయలేదు. దాని మీద ఇప్పుడు పై-హోల్ ఒక్కటే నడుస్తోంది. ప్రాక్స్‌మాక్స్ అప్‌డేట్ చేసి మినీ పీసీని రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఇంట్లో అందరికీ ఇంటర్నెట్ ఆగిపోకూడదు కదా, అందుకే డీఎన్‌ఎస్‌ను (వెబ్‌సైట్ పేర్లకు చిరునామాలు చెప్పే సర్వీసు, మా ఇంట్లో ఆ పని పై-హోల్‌దే) విడిగా ఉంచాను. రాస్పీ-కాన్ఫిగ్ సెట్టింగుల్లో, మార్పులను కార్డు మీద కాక ర్యామ్‌లోనే ఉంచే ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేశాను కాబట్టి ఎస్‌డీ కార్డు మీద రాయడం దాదాపు లేదు. పై-హోల్ సెట్టింగులు మార్చాల్సి వచ్చినప్పుడు ఓవర్‌లే ఆపి, మార్చి, మళ్లీ పెడుతున్నాను.