స్టీమ్ కీ గివ్‌అవేలు: నెల్లూరు, ఒంగోలు ఆటగాళ్లకు ఎంతవరకు పనికొస్తాయి?

రేటింగ్: 5కి 3

స్టీమ్ అంటే కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్, అక్కడ గేమ్‌ను తెరిచే కోడే కీ. ఆ కీని ఉచితంగా పంచిపెట్టడమే గివ్‌అవే. గేమ్ ఉచితమే. కానీ కావలిలో గెలిచిన కీ కావలిలో తెరుచుకోవాలి కదా! పేరు ఇచ్చే ముందే నిబంధనల్లో అర్హత భాగం చదవండి. అమెరికా, కెనడా వాసులకే అని ఉంటే అక్కడితో వదిలేయండి. ఇండియా ఉన్నా, ఆంధ్రప్రదేశ్‌ను మినహాయించారేమో చూడాలి. 2020లో రాష్ట్రం ఆన్‌లైన్ పందెం ఆటల్ని నిషేధించాక డబ్బు పోటీల యాప్‌లు మన రాష్ట్రాన్ని పక్కన పెట్టాయి. పందెం లేని గేమ్ కీకి ఆ గొడవ లేదు.

కీ వచ్చాక స్టీమ్‌లో గేమ్స్ మెనూ తెరిచి 'యాక్టివేట్ ఎ ప్రొడక్ట్' నొక్కి అతికించండి. "ఈ దేశంలో అందుబాటులో లేదు" అని వస్తే కంగారు పడొద్దు, కీ ఖర్చు కాలేదు. ఆ తెర స్క్రీన్‌షాట్ తీసి నిర్వాహకులకు పంపి, ఇండియాలో చెల్లే కీ అడగండి. మంచి నిర్వాహకులు మారుస్తారు.

వీపీఎన్‌తో (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించే యాప్) గట్టెక్కాలని మాత్రం చూడకండి. అది స్టీమ్ ఒప్పందానికి విరుద్ధం, కొన్న గేమ్‌లున్న ఖాతాకే ముప్పు. స్టోర్ దేశం మార్చాలంటే అక్కడి చెల్లింపు కార్డు కావాలి, అదీ మూడు నెలలకోసారే.

గూగుల్ ప్లే గిఫ్ట్ కార్డులదీ ఇదే తంతు: అమెరికా కార్డు ఇండియా ఖాతాలో పడదు. పబ్‌జీ మొబైల్ గ్లోబల్ కోడ్ దాని ఇండియా వెర్షన్ బీజీఎమ్‌ఐలో చెల్లదు.

మౌస్, హెడ్‌సెట్ విదేశం నుంచి వస్తే కస్టమ్స్ సుంకం ఎవరిదో ముందే తేల్చుకోండి. కీ ఇవ్వడానికి యూపీఐలో 'ప్రాసెసింగ్ ఫీజు' అడిగారా, అది మోసమే.