పాము మేతకు గడ్డకట్టిన ఎలుకలు: జిప్ కవరా, వాక్యూమ్ సీలా?

పెంపుడు కొండచిలువ రకమైన బాల్ పైథాన్‌కు నెలా రెండు నెలలకు సరిపడా ఎలుకలే కొంటే జిప్ కవరు చాలు. గాలి బాగా నొక్కి తీసి, పైన ఇంకో కవరు తొడిగి, −18 డిగ్రీల్లో పెట్టండి.

ఆరు నెలలు ఉంచే సరుకైతే వాక్యూమ్ సీలే (మెషీన్‌తో గాలి లాగేసి కవరు అతికించడం) మేలు. జిప్ కవరులో మిగిలిన గాలికి తేమ ఆరిపోయి తోకలు, చెవులు అట్టముక్కల్లా బిగుసుకుంటాయి. మంచు తనంతట తానే కరిగే ఫ్రీజర్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. కానీ పింకీలను (బొచ్చు రాని పసి ఎలుక పిల్లలను) నేరుగా సీల్ చేస్తే చితికిపోతాయి. ముందు ట్రేలో విడివిడిగా గట్టిపడనివ్వాలి. పెద్దవాటి గోళ్లు కవరుకు చిల్లి పెడతాయి, కిచెన్ పేపరు చుట్టండి. ఒక్కో మేతకు ఒక్కో ప్యాకెట్.

ఫ్రిజ్‌లో కరిగించే ముందు సీల్ తప్పక కత్తిరించండి, గాలి లేనిచోట పెరిగే బ్యాక్టీరియా ప్రమాదకరం. కరిగినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు.