విండోస్ 7 నుంచి లినక్స్ మింట్ దాకా: ఇంట్లో ఏళ్ల తరబడి వాడాక

శ్రీకాకుళంలో మా ఇంటి డెస్క్‌టాప్ విండోస్ 7తో వచ్చింది. మధ్యలో 10కి మారింది, ఇప్పుడు విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ మీద నడుస్తోంది. చెల్లి లాప్‌టాప్‌లో విండోస్ 11 ఉంది. అన్నీ వాడాక నా అభిప్రాయం ఇది: సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన సిస్టమ్ ఎంత ఇష్టమైనదైనా నెట్‌కు కలపకూడదు. మిగతావన్నీ అలవాటు మీద ఆధారపడేవే.

హాయిగా ఉండేది మాత్రం విండోస్ 7. 2 జీబీ ర్యామ్‌తోనే పని నడిచిపోయేది. నాన్న మౌస్ పట్టడం నేర్చుకున్నది దాని మీదే. 2020 జనవరి 14తో దానికి అప్‌డేట్లు ఆగిపోయాయి. 2023లో క్రోమ్ కూడా 109వ వెర్షన్‌తో దాన్ని వదిలేసింది. ఇంకా దాంట్లోనే బ్యాంకు పనులు చేయడమంటే టెన్షనే.

విండోస్ 10 మొదట్లో బాగా విసిగించింది. పాత హార్డ్ డిస్క్ తీసి, దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించాక గానీ దారికి రాలేదు. ఫోన్ హాట్‌స్పాట్ పెడితే అప్‌డేట్లకే ఆ రోజు డేటా అయిపోయేది. సెట్టింగ్స్‌లో డేటా వాడకాన్ని తగ్గించే 'మీటర్డ్ కనెక్షన్' ఆన్ చేశాక ఆ బాధ తగ్గింది. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే కష్టం కాబట్టి యూపీఎస్ తప్పనిసరి.

తెలుగు విషయంలో మాత్రం 10కి నేను రుణపడి ఉంటాను. అంతకుముందు ఇన్‌స్క్రిప్ట్ (ఒక్కో మీటకు ఒక్కో తెలుగు అక్షరం ఉండే కీబోర్డు) నేర్చుకోలేక నాన్న కాగితం మీదే రాసేవారు. 2019 మే అప్‌డేట్‌తో ఫొనెటిక్ కీబోర్డు సిస్టమ్‌లోనే వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు పడుతుంది. రథసప్తమికి అరసవల్లి రమ్మని చుట్టాలకు రాసే ఉత్తరాలు అప్పటి నుంచి ఆయనే టైపు చేస్తున్నారు. ఆ సంతోషం ఏ కొత్త హంగులోనూ నాకు దొరకలేదు.

2025 అక్టోబర్ 14తో 10కి కూడా మామూలు అప్‌డేట్లు ఆగాయి. 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే కుదురుతుంది. మాది 4వ తరం. షరతులు దాటించి ఎక్కించేవాళ్లు ఉన్నారు గానీ, అలా ఎక్కించిన మెషీన్‌కు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. అందుకే వద్దన్నాను. చెల్లి కొత్త లాప్‌టాప్‌లో 11 చురుగ్గానే ఉంది. హోమ్ ఎడిషన్ మొదట్లోనే నెట్టూ, మైక్రోసాఫ్ట్ ఖాతా అడగడం ఒక్కటే నాకు నచ్చలేదు.

మా డెస్క్‌టాప్‌లో మింట్‌లోనే తేలికైన రకం ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎక్కించాను. 4 జీబీ ర్యామ్ ఉంటే హాయిగా నడుస్తుంది. ఎక్కించే ముందే పెన్ డ్రైవ్ నుంచి నడిపి, వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. మెనూ ఎడమవైపు కిందే ఉంటుంది కాబట్టి నాన్న తడుముకోలేదు. తెలుగు టైపింగ్‌కు మాత్రం ఐబస్ అనే కీబోర్డు ప్రోగ్రామ్‌ను విడిగా అమర్చాలి, 10లో ఉన్నంత సులువు కాదు. విండోస్ కోసం చేసిన పేజీలు పేర్చే ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో పని చేసేవాళ్లు మింట్ జోలికి రాకపోవడమే మంచిది.