హెర్న్ బారక్కు, అంబార్గర్ చర్చి: టెక్సాస్‌లో యుద్ధఖైదీల జాడలు

డల్లాస్ నుంచి రెండున్నర గంటల దూరంలోని హెర్న్‌కు ఒక శనివారం, ఆరేడు గంటలు పట్టే అంబార్గర్‌కు మరొక వారాంతం వెళ్లి వచ్చాము. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సుమారు 4,25,000 మంది శత్రుసైనికులను తన గడ్డపై బందీలుగా ఉంచింది; యువకులు యుద్ధానికి వెళ్లి కూలీలు కరవైన చోట వారిని పొలం పనులకు పంపి, రోజుకు 80 సెంట్ల చొప్పున క్యాంటీన్ కూపన్లు ఇచ్చింది.

హెర్న్‌లో మాత్రం పనికి వెళ్లినవారు తక్కువ. 1943లో తెరిచిన ఈ శిబిరంలోని దాదాపు 4,800 మందిలో అధికులు ఉత్తర ఆఫ్రికాలో పట్టుబడిన జర్మన్ సార్జెంట్లు, కార్పొరల్‌లు, అంటే మామూలు సైనికులకు పైన ఉండే చిన్న హోదాలవారు. పర్యవేక్షణ తప్ప వేరే పని వారిచేత బలవంతంగా చేయించడానికి జెనీవా ఒప్పందం ఒప్పుకోదు. తీరిక దొరికిన ఆ చేతులు సిమెంటు ఫౌంటెన్లు, ఒక బొమ్మకోట కట్టాయి. ఆ శిబిరంలోనే 1943 డిసెంబరులో హ్యూగో క్రాస్ అనే ఖైదీని తోటి ఖైదీలే కొట్టి చంపారు. మ్యూజియంగా ఉన్న బారక్కు (ఖైదీల వసతిగృహం) పాత నమూనాలో కొత్తగా కట్టినదే కాబట్టి, లోపలి కంటే బయట గడ్డిలో మిగిలిన పునాదులు, నీరింకిన తొట్టె నన్ను ఎక్కువసేపు నిలిపాయి. రెండు గంటలు సరిపోతాయి. వేసవిలో ఉదయాన్నే వెళ్లడం మేలు.

ఒక్కచోటికే వీలున్నవారికి నేను అంబార్గర్‌నే సూచిస్తాను. దగ్గరలోని హియర్‌ఫర్డ్ శిబిరంలో ఉన్నది ఇటలీ ఖైదీలు. 1945లో యుద్ధం ముగిశాక అక్కడ రేషను బాగా తగ్గించారు. ఆ ఆకలి రోజుల్లో కొందరు ఖైదీలు సెయింట్ మేరీస్ చర్చి గోడలకు చిత్రాలు వేయడానికి ఒప్పుకొన్నారు. ప్రతిఫలం ఊరి ఆడవాళ్లు వండిపెట్టిన భోజనం. మన ‘పనికి ఆహారం’ పథకమే గుర్తొచ్చింది. బయటికి సాదాసీదాగా కనిపించే ఆ ఇటుక చర్చిలో బలిపీఠం చుట్టూ రంగులు, చెక్కలో మలిచిన క్రీస్తు కడపటి విందు చూస్తుంటే, విందు దృశ్యాన్ని ఎంచుకున్నది ఆకలేనేమో అనిపించింది. ముందుగా ఫోను చేసి, తలుపు తెరిచి ఉండే వేళ తెలుసుకొని బయలుదేరాలి.

బస క్యాన్యన్ పట్టణంలో. మోటెల్ గదిలో ఏసీ రాత్రంతా మోత మోగినా, పొద్దున అడగగానే అద్దెలో కొంత తిరిగి ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో, చనిపోయిన ఐదుగురి స్మృతికి తోటి ఖైదీలు హియర్‌ఫర్డ్ దగ్గర కట్టిన చిన్న ప్రార్థనామందిరం కోసం పక్కకు మళ్లాము. దారి తప్పి ఆలస్యంగా చేరడంతో, పొలాల మధ్య ఒంటరిగా ఉన్న దాన్ని కారు దీపాల వెలుగులోనే చూడగలిగాము.